లార్చ్ అడవిలో మొదటి స్కీ టూర్: నెవాష్ నుంచి బుఫేర్ దాకా (తరచుగా అడిగే ప్రశ్నలు)

డిసెంబరు వచ్చిందంటే చాలు, తెలుగు మిత్రుల నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, నువ్వు ఆ అడవిలో స్కీలు వేసుకుని పైకెక్కుతావే, అది మేమూ చేయగలమా?" గ్రెనోబుల్‌లో ఉంటున్నాను కాబట్టి ఆల్ప్స్ అంతా నా పెరడే అనుకుంటారు. లియోన్ నుంచి, తులూజ్ నుంచి, మ్యూనిక్ నుంచి, ఒక్కోసారి హైదరాబాద్ నుంచి కూడా అడుగుతారు. ఒకే జవాబు ఇరవై మందికి ఇరవై రకాలుగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెట్టడం నయమనిపించింది. నేను గైడ్‌ని కాను. ఈ ఒక్క దారిలో చాలాసార్లు నడిచినవాణ్ని, అంతే.

స్కీ టూరింగ్ అంటే ఏమిటి? స్కీయింగే కదా?

స్కీ రిసార్టులో లిఫ్టు మిమ్మల్ని పైకి మోస్తుంది, మీరు కిందికి జారతారు. టూరింగ్‌లో లిఫ్టు ఉండదు. స్కీల అడుగున ఒకవైపు బొచ్చున్న పట్టీలు అతికించుకుని, బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌ను మడమ పైకి లేచేలా వదులు చేసుకుని, మీ కాళ్లమీద మీరే కొండెక్కాలి. పైకెళ్లాక పట్టీలు పీకేసి, మడమ బిగించి, జారుకుంటూ దిగాలి. రెండు గంటలు ఎక్కితే దిగడానికి అరగంట. ఈ లెక్క వినగానే సగం మంది ఫోన్ పెట్టేస్తారు.

ఆ పట్టీలను స్కిన్స్ అంటారు. ఒకప్పుడు నిజంగానే సీలు అనే సముద్ర జంతువు చర్మంతో చేసేవారు. ఇప్పుడు నైలాన్, లేదా మోహేర్ అనే మేక బొచ్చు, లేదా రెండూ కలిపి నేస్తారు. అయినా ఫ్రెంచివాళ్లు ఈ ఆటను ఇప్పటికీ 'సీలు చర్మం' అనే పిలుస్తారు. "ఆదివారం సీలు చర్మానికి వెళ్తున్నావా?" అని ఆఫీసులో ఎవరో మొదటిసారి అడిగినప్పుడు నేనేదో తోలు వ్యాపారం అనుకున్నాను.

ఈ దారి ఎక్కడుంది?

ఫ్రాన్స్ ఆగ్నేయ మూలన, ఇటలీ సరిహద్దును ఆనుకుని క్లారే అనే లోయ ఉంది. బ్రియాన్సోన్ ఊరికి ఉత్తరాన. ఎగువ లోయలో పెద్ద ఊరు నెవాష్, సుమారు 1,600 మీటర్ల ఎత్తులో. పెద్ద ఊరంటే మన లెక్కలో పెద్దది కాదు. రాళ్ల గోడలు, చెక్క పలకల పైకప్పులు, గోడలకు రంగుల్లో గీసిన నీడ గడియారాలు, 15వ శతాబ్దపు చర్చి, ఒక రొట్టెల కొట్టు. చలికాలంలో కారు దారి ఇక్కడితో ఆగిపోతుంది. ఆ పైన లోయంతా నడిచేవాళ్లదీ స్కీలవాళ్లదీ.

1970ల్లో ఈ లోయ గుండా పెద్ద రహదారి వేయాలని చూస్తే ఊళ్లవాళ్లు గట్టిగా అడ్డుపడ్డారు. 1992లో ప్రభుత్వం లోయను రక్షిత ప్రదేశాల జాబితాలో చేర్చింది. అందుకే ఇక్కడ లిఫ్టు స్తంభాలూ హోటల్ టవర్లూ కనబడవు.

మనం వెళ్లేది బుఫేర్ రెఫ్యూజ్ దాకా. రెఫ్యూజ్ అంటే కొండమీద సత్రం అనుకోండి. ఎత్తు 2,076 మీటర్లు. అంటే ఊరి నుంచి ఎక్కాల్సింది 480 మీటర్ల దాకా.

"తేలిక దారి" అంటున్నారు. ఎంత తేలిక?

ఇక్కడే అందరూ బోల్తాపడతారు. ఈ మాట వాలు గురించి చెప్పేదే. ఒళ్లు గురించీ వాతావరణం గురించీ అది ఏమీ చెప్పదు. దారి చాలావరకు అడవి బాటే. వేసవిలో పశువులు పైకెళ్లే దారి కాబట్టి నిటారుగా ఉండదు. తాళ్లు కట్టుకోనక్కర్లేదు, మంచు గొడ్డలి అక్కర్లేదు, లోయ అంచున వేలాడే చోట్లు లేవు.

కానీ 480 మీటర్లంటే నూటయాభై అంతస్తుల పైమాట. కాళ్లకు బూటు, బైండింగ్, స్కీ కలిపి ఒక్కోవైపు రెండు మూడు కిలోల బరువు. అలవాటున్నవాళ్లు గంటకు మూడు నాలుగు వందల మీటర్లు ఎక్కుతారు. కొత్తవాళ్లు రెండు వందలు ఎక్కితే గొప్ప. కాబట్టి గంటన్నర నుంచి రెండున్నర గంటలు పెట్టుకోండి. తిరుమల మెట్లు ఆగి ఆగి, మాట్లాడుకుంటూ ఎక్కగలిగినవాళ్లు ఇదీ ఎక్కగలరు. గోవిందా అంటూ పరుగెత్తి మోకాళ్ల పర్వతం దగ్గర కూలబడే రకమైతే ఇక్కడా అదే జరుగుతుంది.

నాకు స్కీయింగ్ రాదు. నేర్చుకుంటూ వెళ్లొచ్చా?

వద్దు. ఎక్కడం ఎవరైనా ఒక గంటలో నేర్చుకుంటారు. చిక్కంతా దిగడంలోనే. రిసార్టులో యంత్రంతో చదును చేసిన మంచు వేరు, అడవిలో పడింది పడినట్టున్న మంచు వేరు. కాసేపు పిండిలా, కాసేపు పైన అప్పడం కింద పిండి, నీడలోకి వెళ్తే గాజు. రిసార్టులో పిస్టులనే జారుడు దారులుంటాయి, వాటిలో తేలికైన నీలం గుర్తువాటి మీద భయం లేకుండా, కష్టమైన ఎరుపు వాటిమీద కాస్త భయంతో అయినా పడకుండా దిగగలిగితే రండి. అంతవరకూ మంచు బుట్టలు, అంటే స్నోషూలు, కట్టుకుని ఇదే దారిలో నడవండి. అడవి మీకూ అంతే కనబడుతుంది. మా ఆవిడ మొదటి మూడేళ్లూ అలాగే వచ్చింది. నేను దిగుతూ పడ్డ ప్రతిసారీ వెనకనుంచి నింపాదిగా నడుచుకుంటూ వచ్చి లేపింది.

అడవులు చాలా ఉన్నాయి కదా, లార్చ్ అడవే ఎందుకు?

దీనికి మాత్రం తాపీగా జవాబు చెప్తాను, ఏమీ అనుకోవద్దు.

సూదుల్లాంటి ఆకులున్న చెట్లంటే ఏడాది పొడుగునా పచ్చగా ఉంటాయని చదువుకున్నాం. ఐరోపా లార్చ్ ఆ మాట వినదు. అక్టోబరులో పసుపుకు తిరిగి, బంగారంలా మెరిసి, నవంబరుకల్లా మొత్తం రాల్చేస్తుంది. ఆదిలాబాద్ టేకు ఎండాకాలంలో నీటి కరువుకు ఆకు దులిపేసుకుంటుంది చూడండి, ఇదీ అలాంటిదే. నేల గడ్డకట్టాక వేళ్లకు నీరు అందదు. ఆకులుంటే ఉన్న నీరూ పోతుంది. అందుకని వదిలించుకుంటుంది.

దీనివల్ల స్కీ వేసుకున్నవాడికి రెండు లాభాలు. ఒకటి వెలుతురు. ఏడాదంతా పచ్చగా ఉండే స్ప్రూస్ చెట్ల అడవిలో మధ్యాహ్నం కూడా గోదాములో నడిచినట్టుంటుంది. లార్చ్ కింద ఎండ నేలదాకా దిగుతుంది, మంచుమీద కొమ్మల నీడలు ముగ్గు వేసినట్టు పరుచుకుంటాయి. రెండోది చోటు. లార్చ్‌కు నీడ పడదు, పక్క చెట్టు మీదపడితే పెరగలేదు. పైగా వందల ఏళ్లుగా ఈ చెట్లకింద పశువులను మేపారు. అందుకే చెట్టుకూ చెట్టుకూ మధ్య ఎడం ఉంటుంది. మలుపు తిప్పుకోవడానికి చోటు దొరుకుతుంది. మేపడం మానేసిన చోట్ల మెల్లగా వేరే చెట్లు చొరబడి అడవి ముసురుకుంటుందట. అంటే మనం జారుతున్న ఈ ఖాళీ ఆవుల చలవే.

దగ్గరికెళ్లి ఒక చెట్టు చూడండి. చలికాలంలో కొమ్మ నిండా చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. ముట్టుకుంటే గరగరలాడే పూసల దండలాంటివి. వసంతంలో ఒక్కో బుడిపె నుంచి ముప్పై నలభై సూదులు కుచ్చులా వస్తాయి. బెరడు మందం, ఎర్రటి గోధుమ రంగు, లోతుగా పగుళ్లు. ఆ పగుళ్లమీదా ఎండుకొమ్మలమీదా పసుపు పులిమినట్టు కనబడేది ఒక రకం లైకెన్, నాచులాంటిది. రంగు చూసి ముచ్చటపడి నోట్లో పెట్టుకోకండి, విషం. పూర్వం తోడేళ్లను చంపడానికి మాంసంలో పెట్టేవారు. దాని పేరే తోడేలు లైకెన్.

ఇంకో ముచ్చట. సన్నటి బూడిదరంగు చిమ్మట ఒకటి ఉంది. దాని పురుగులు ఎనిమిది తొమ్మిదేళ్లకోసారి కోట్లలో పుట్టుకొచ్చి, నడివేసవిలో లార్చ్ అడవులను గోధుమరంగుకు తిప్పేసేవి. ఆ ఏడాది చెట్టు సరిగా పెరగదు కాబట్టి మాను లోపలి వలయాల్లో ఆ లెక్క నిలిచిపోయింది. అలా సుమారు 1,200 ఏళ్ల చరిత్ర చదివారు. 1980ల నుంచి మాత్రం ఆ తాళం తప్పింది. వాతావరణం వేడెక్కడమే కారణమని ఆ వలయాలు చదివినవాళ్ల అభిప్రాయం.

అడవిలో ఉన్నాం కాబట్టి మంచు చరియలు రావు కదా?

ఈ ప్రశ్న అడిగిన ప్రతివాళ్లనూ కూర్చోబెట్టి చెప్తాను. మీరూ కూర్చోండి.

దట్టమైన పచ్చటి అడవి చరియలను చాలావరకు ఆపుతుంది. కొమ్మలు మంచును పట్టుకుని ముద్దలుగా కిందికి వదులుతాయి, దాంతో నేలమీద మంచు ఒకే పలకలా పేరుకోదు. లార్చ్‌కు చలికాలంలో ఆకులే లేవు. మంచు నేరుగా నేలకు దిగుతుంది. చెట్లమధ్య ఎడం ఎక్కువ. అంటే స్కీ వేసుకునేవాడికి ఏవి వరాలో, కాపలా విషయంలో అవే లోపాలు. జారడానికి హాయిగా ఉన్నంత ఖాళీ ఉంటే, మంచు జారడానికీ అంతే ఖాళీ ఉంది.

వాలు 30 డిగ్రీలు దాటితే జాగ్రత్త మొదలవ్వాలి. మన దారి చాలావరకు అంతకన్నా చాలా తక్కువ. కానీ చరియ మీ కాళ్లకిందే పుట్టాలని ఏమీ లేదు, పైనున్న వాలు మీద పుట్టి మీ దాకా రావచ్చు. అందుకని తల ఎత్తి పైన ఏముందో చూడటం అలవాటు చేసుకోండి. అడవి మధ్యలో పైనుంచి కిందిదాకా చెట్టు లేని పట్టీ కనబడితే అది ఎవరో కొట్టేసిన దారి కాదు, మంచు కొట్టేసిన దారి. ఎగువవైపు కొమ్మలు విరిగి దిగువవైపే మిగిలిన చెట్లు, అన్నీ ఒకేవైపు వంగిన లేత మొక్కలు, ఇవన్నీ దాని సంతకాలే. అలాంటి చోట ఆగి ఫొటోలు తీసుకోకండి. ఒకరి తర్వాత ఒకరు దాటండి.

ఫ్రాన్స్ ప్రభుత్వ పటాల సంస్థ ఐజీఎన్ పటాల్లో వాలు రంగులు చూపించే పొర ఉంటుంది. 30 దాటితే పసుపు, 35 దాటితే నారింజ, 40 దాటితే ఎరుపు, 45 దాటితే ఊదా. బయల్దేరే ముందురోజు రాత్రి పటంలో మీ దారి వెంట వేలు పెట్టి నడవండి. వేలు రంగులోకి వెళ్తే మనసులో గుర్తుపెట్టుకోండి.

బులెటిన్ ఎక్కడ చూడాలి?

చలికాలంలో రోజూ సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో అక్కడి వాతావరణ శాఖ మెతెయో ఫ్రాన్స్ ఒక్కో పర్వత ప్రాంతానికీ విడిగా మంచు చరియల బులెటిన్ ఇస్తుంది. 1 నుంచి 5 దాకా స్థాయిలు. 3 అంటే అయిదులో మూడు, మధ్యస్థం, పర్లేదు అనుకుంటారు మనవాళ్లు, పరీక్ష మార్కుల లెక్కన. అలా కాదు. జనం ధైర్యంగా బయటికెళ్లేదీ, ఎక్కువ మంది ప్రాణాలు పోగొట్టుకునేదీ 3వ స్థాయి రోజుల్లోనే. అంకె ఒక్కటే చూసి మూసేయకండి. ఏ వైపు వాలు, ఏ ఎత్తు దాటాక, గాలి ఎటు నుంచి వీచింది, ఇవి కింద రాసి ఉంటాయి. ఫ్రెంచ్ రాకపోతే ఫోన్‌తో అనువాదం చేసుకుని అయినా చదవండి. 4 ఉన్నరోజు నేను నెవాష్‌లో కాఫీ తాగి, లోయ అడుగున నడిచి ఇంటికొచ్చేస్తాను.

సామాను కొనాలా?

మొదటిసారి అద్దెకే. స్కీలు, బూట్లు, స్కిన్స్, కర్రలు బ్రియాన్సోన్ చుట్టుపక్కల దుకాణాల్లో దొరుకుతాయి. బూటు మాత్రం అక్కడే వేసుకుని పది నిమిషాలు దుకాణంలో తిరగండి. మొహమాటపడకండి.

వీటితోపాటు ముగ్గురు చుట్టాలు ఉండాలి: బీకన్, పార, ప్రోబ్. బీకన్ 457 కిలోహెర్ట్జ్ మీద సంకేతం పంపే చిన్న పెట్టె. ఒంటికి కట్టుకోవాలి, సంచిలో పెట్టుకోకూడదు. ప్రోబ్ అంటే మంచులో గుచ్చి మనిషి ఎక్కడున్నాడో వెతికే మడత కడ్డీ. పార దేనికో చెప్పక్కర్లేదు. మంచుకింద చిక్కిన మనిషికి పది పదిహేను నిమిషాలు దాటితే బతికే అవకాశం వేగంగా పడిపోతుంది. హెలికాప్టర్ అంతలోపు రాదు. అంటే మిమ్మల్ని తవ్వితీసేది మీ పక్కనున్నవాడే. వాడికి బీకన్ వాడటం వచ్చో రాదో కారు పార్కింగులోనే తేల్చుకోండి. ఒకరు దాచడం, ఒకరు వెతకడం, మూడుసార్లు. పిల్లల ఆటలా ఉంటుంది, సిగ్గుపడకండి.

ఒక దుకాణంలో నాకు వేరే స్కీల కొలతకు కోసిన స్కిన్స్ అంటగట్టారు. అరగంట ఎక్కాక గానీ తెలియలేదు, ప్రతి అడుగుకూ వెనక్కి జారుతున్నాను. అప్పటినుంచి స్కీకి అతికించి చూసుకున్నాకే డబ్బు ఇస్తున్నాను. అంచున ఇనుప గీత రెండువైపులా కనబడాలి, మిగతా అడుగంతా స్కిన్ కప్పాలి. అంతే పరీక్ష.

స్కిన్స్ వేసుకుని ఎలా నడవాలి?

చిన్నప్పుడు చెప్పులు ఈడ్చుకుంటూ నడిస్తే మా నాయనమ్మ తిట్టేది, "కాలెత్తి నడవరా" అని. ఇక్కడ ఆ చెడ్డ అలవాటే విద్య. స్కీని ఎత్తకూడదు, ఈడ్వాలి. ఎత్తితే రెండు వందల అడుగులకే తొడలు చేతులెత్తేస్తాయి. బొచ్చు ముందుకు వెళ్లేటప్పుడు పడుకుంటుంది, వెనక్కి జారబోతే లేచి మంచును పట్టుకుంటుంది. ఆవు వీపు మీద చెయ్యి తలనుంచి తోకవైపు రాస్తే నున్నగా, ఎదురు రాస్తే గరుగ్గా ఉంటుంది కదా, అదే సంగతి.

బరువంతా మడమ మీద ఉంచండి. భయపడి ముందుకు వంగితే జారతారు. వాలు పెరిగితే బైండింగ్ వెనక చిన్న మెట్టు ఉంటుంది, కర్రతో తిప్పి మడమ కింద పెట్టుకోండి. కానీ మెట్టు ఉంది కదా అని నిటారుగా ఎక్కకండి. వంకర తిరిగే దారే దగ్గర దారి.

స్కిన్ జిగురువైపు మంచు తగలకూడదు. మొదటి ఏడాది నేను ఫొటో తీసుకుందామని తీసిన స్కిన్‌ని పక్కన మంచులో పెట్టాను. ముప్పై సెకన్లు. జిగురు నిండా మంచుపొడి. ఇక అతుక్కోదు. జాకెట్టు లోపల పొట్టకు ఆనించుకుని వెచ్చబెట్టి, తుడిచి, మళ్లీ అతికించేసరికి తోటివాళ్లు సత్రంలో సూప్ తాగేశారు.

దారి ఎలా సాగుతుంది?

ఊరి కొసన కారు పెట్టుకుని క్లారే ఏరు దాటాలి. చలికాలంలో ఏరు సగం మంచుకింద, సగం బయట, గలగల మాత్రం వినిపిస్తూనే ఉంటుంది. లోయ అడుగున క్రాస్‌కంట్రీ స్కీలవాళ్ల కోసం రెండు గాడులు తీసిన దారి ఉంటుంది. వాళ్లు టికెట్టు కొని వస్తారు. ఆ గాడుల మీద నడవకుండా అడ్డంగా దాటేయండి.

ఏరు దాటగానే ఉత్తరం వైపు చూసే వాలు. డిసెంబరు, జనవరిలో సూర్యుడు ఇటువైపు తొంగిచూసి పోతాడు, అంతే. చలి చురుక్కుమంటుంది, మంచు మాత్రం రోజుల తరబడి పిండిలాగే ఉంటుంది. బాట లార్చ్‌ల మధ్య మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. మొదటి అరగంటలో చెమట పడితే మీరు వేగంగా వెళ్తున్నారని అర్థం, ఆగి ఒక పొర విప్పేయండి. నిశ్శబ్దం ఎలా ఉంటుందంటే, ఆగినప్పుడు మీ గుండె చప్పుడూ, కొమ్మమీంచి జారిన మంచుపొడి రాలే చప్పుడూ వినిపిస్తాయి. మంచుమీద కుందేలు అడుగులు, ముంగిసలాంటి ఎర్మిన్ అనే చిన్న జంతువు గెంతులు. రాత్రి ఎవరు ఎటు వెళ్లారో తెల్లారి చదువుకోవచ్చు.

తర్వాత అడవి పలచబడుతుంది. చెట్లు పొట్టిగా, గాలికి మెలితిరిగి ఉంటాయి. బుఫేర్ వాగు లోయ విశాలంగా తెరుచుకుంటుంది, సగం మంచులో మునిగిన చెక్క ఇళ్లు, వాటి దగ్గరే రెఫ్యూజ్. వెనక్కి తిరిగితే లోయ అవతలి గుట్టలన్నీ ఎండలో ఉంటాయి. మీరు మాత్రం నీడలో వణుకుతూ ఎవరిదో ఆస్తిలా చూస్తారు.

రెఫ్యూజ్‌లో శాకాహారం దొరుకుతుందా? పడుకోవచ్చా?

కాపలాదారు ఉన్న రోజుల్లో వేడి సూప్, ఆమ్లెట్, జున్ను, పళ్ల టార్ట్ దొరుకుతాయి. గుడ్డు కూడా తినకపోతే ముందే ఫోన్‌లో చెప్పండి. అన్నీ కింది నుంచి మోసుకెళ్లినవే కాబట్టి అప్పటికప్పుడు "అది లేదా, ఇది లేదా" అంటే కుదరదు. చలికాలంలో తెరిచే తేదీలు ఏటా మారతాయి. మూసి ఉందేమో కనుక్కోకుండా బయల్దేరకండి. పడుకోవాలంటే ముందుగా చోటు రాయించుకోవాలి. అందరికీ కలిపి ఒకే గదిలో పరుపులు, దుప్పట్లు వాళ్లవే. లోపల వేసుకునే పల్చటి గుడ్డ సంచి మీరు తెచ్చుకోవాలి. గురక పెట్టేవాళ్లు ప్రతిచోటా ఉంటారు, చెవుల్లోకి దూది మర్చిపోకండి.

ఇంటి నుంచి పులిహోర తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లాను. సంచి బయటి జేబులో పెట్టాను. మైనస్ పన్నెండు. డబ్బా తెరిస్తే అన్నం గులకరాళ్లలా విడివిడిగా మోగింది. వేరుశనగ గింజలు మాత్రం ఏరుకుని తిన్నాం. పల్లీ చిక్కీ, ఖర్జూరాలు, జీడిపప్పు, ఫ్లాస్కులో అల్లం టీ, ఇవి పనికొస్తాయి. చెగోడీలు కూడా భేషుగ్గా ఉంటాయి, చలికి మెత్తబడవు. మంచినీళ్ల సీసా తలకిందులుగా పెట్టుకోండి. గడ్డకట్టడం పైనుంచి మొదలవుతుంది, మూత దగ్గర కాకుండా అడుగున కడుతుంది.

దిగేటప్పుడు ఏం గుర్తుంచుకోవాలి?

బూటును నడక స్థితి నుంచి జారే స్థితికి మార్చారా, బైండింగ్ మడమ బిగించారా, స్కిన్స్ జిగురు జిగురుకు ఆనించి మడిచి జాకెట్టులో పెట్టారా. ఈ మూడూ ఎక్కడికీ పోవు, మన బుర్ర మాత్రం చలికి పోతుంది. ఒకసారి బూటు మార్చడం మర్చిపోయి మొదటి మలుపులోనే లార్చ్ మొదలును కౌగలించుకున్నాను. గీసుకున్న చెంపతో సోమవారం మీటింగులో కూర్చున్నాను.

అడవి బాట ఇరుకు. ఎదురుగా ఎక్కేవాళ్లు వస్తుంటారు, వాళ్లదే దారి. వేగం తగ్గించుకోండి. చెట్ల మధ్య ఖాళీలోకి దిగాలనుంటే ఒక చిట్కా: చెట్లను చూడకండి, చెట్ల మధ్య తెల్లటి చోటును చూడండి. దేన్ని చూస్తే అటే పోతాం. ఫిబ్రవరి ముందు మంచు తక్కువ ఉంటే మొద్దులూ పొదలూ పైనే ఉంటాయి, అప్పుడు బాటే నయం. ఒకరినొకరు కనుచూపు దాటి పోవద్దు.

ఏం బట్టలు వేసుకోవాలి?

నూలు బనీను వద్దు, తడిస్తే ఆరదు. ఉన్నివో సింథటిక్‌వో పల్చటి పొరలు మూడు, గాలి ఆపే జాకెట్టు, ఆగినప్పుడు వేసుకోవడానికి మందపాటిది ఒకటి. గ్లౌజులు రెండు జతలు. "మన రంగుకు ఎండ ఏం చేస్తుందిలే" అని నేనూ అనుకున్నాను. మంచు ఎండను తిరగ్గొడుతుంది, కింది నుంచి ముక్కురంధ్రాల్లో కూడా కాలుస్తుంది. వారం రోజులు ముక్కు పొట్టు లేచింది. క్రీము రాసుకోండి, నల్లద్దాలు తప్పనిసరి.

కొన్నిచోట్ల అడవిలో తాళ్లు, జెండాలు కట్టి ఉంటాయి, ఎందుకు?

నల్ల గ్రౌజ్ అనే పక్షి కోసం. మన అడవికోడికి దూరపు బంధువు. మగది నిగనిగలాడే నలుపు, రెండువైపులా బయటికి వంపు తిరిగిన తోక. చెట్లు పలచబడే ఎత్తులోనే ఉంటుంది. చలికాలంలో మెత్తటి మంచులో గూడులాంటి బొరియ తవ్వుకుని పగలూ రాత్రీ చాలాసేపు అందులోనే ఉంటుంది. తినేది తక్కువ, కదిలేది తక్కువ, అలా నెట్టుకొస్తుంది. మనం పక్కనుంచి జారితే బెదిరి ఎగిరిపోతుంది. ఉన్న కాస్త శక్తీ దానికే ఖర్చు. నాలుగైదుసార్లు అలా జరిగితే వసంతం చూడదు. మంచు మీ స్కీ ముందే ఢామ్మని పేలినట్టయి ఒక నల్లటి పిట్ట లేస్తే, ఆ భయం మీకూ గుర్తుండిపోతుంది. నాకు ఒకసారి అయింది. ఆ రోజు నుంచి తాడు కనబడితే అవతల ఎంత మంచి మంచు ఉన్నా అటు చూడను.

ఎలా చేరుకోవాలి?

పారిస్ ఆస్టెర్లిట్జ్ స్టేషన్ నుంచి బ్రియాన్సోన్‌కు రాత్రి రైలు ఉంది. రాత్రి ఎక్కితే పొద్దున్నే కొండల్లో లేస్తారు. పట్టాల పనులున్నప్పుడు ఆపేస్తారు, చూసుకోండి. అక్కడినుంచి నెవాష్‌కు బస్సు. గ్రెనోబుల్ నుంచి అయితే 2,058 మీటర్ల లోతారే కనుమ దాటాలి. పెద్ద మంచు పడితే మూసేస్తారు. కారులో వచ్చేవాళ్లకు నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా చలికాలపు టైర్లో, గొలుసులో ఉండాలన్నది చట్టం. బ్రియాన్సోన్ కోట గోడలు యునెస్కో జాబితాలో ఉన్నాయి, ఒక పూట మిగిలితే చూడండి.

ఏదైనా జరిగితే ఎవరికి ఫోన్ చేయాలి? ఖర్చవుతుందా?

112. ఫ్రాన్స్‌లో కొండల్లో ప్రభుత్వ రక్షక దళం చేసే సాయానికి మామూలుగా డబ్బు తీసుకోరు. ఆసుపత్రి బిల్లు వేరే సంగతి. ఇండియా నుంచి వీసా కోసం తీసుకున్న ప్రయాణ బీమా పత్రం ఒకసారి చదవండి. పిస్టు బయట స్కీయింగ్‌కు వర్తించదని చిన్న అక్షరాల్లో చాలావాటిలో ఉంటుంది. ఫోన్ జాకెట్టు లోపల పెట్టుకోండి, చలికి బ్యాటరీ చచ్చిపోతుంది. లోయలో అన్నిచోట్లా సిగ్నల్ రాదు కాబట్టి ఎన్నింటికి తిరిగొస్తారో ఎవరికైనా చెప్పి వెళ్లండి.

రెఫ్యూజ్ దాకా వచ్చాం, ఇంకా పైకి కనుమ దాకా వెళ్లొచ్చా?

బుఫేర్ కనుమ 2,427 మీటర్లు. అంటే మరో మూడున్నర వందల మీటర్లు. అవతల గీజాన్ లోయ. అక్కడ చెట్లు లేవు, చుట్టూ వాలులు ఉన్నాయి, మబ్బు కమ్మితే ఆకాశానికీ నేలకూ తేడా తెలియదు. బులెటిన్ చదవడం వచ్చినవాళ్లు, కనీసం ఒకరైనా ఆ దారి తెలిసినవాళ్లు, ఇంకా పొద్దు చాలా మిగిలి ఉన్నవాళ్లు వెళ్లొచ్చు. "ఇంత దూరం వచ్చాం కదా" అన్నది కారణం కాదు. కొత్తవాళ్లను తీసుకొచ్చినప్పుడు నేను సత్రం బల్ల దాటనివ్వను. అలిగినవాళ్లున్నారు.

ఏ నెల మంచిది?

జనవరి చివరి నుంచి మార్చి మధ్య దాకా. అంతకుముందు మంచు సరిపోకపోవచ్చు. ఏప్రిల్‌లో పొద్దున్నే వచ్చి, మంచు చిత్తడి కాకముందే దిగిపోవాలి. మంచు పడుతున్న రోజు కూడా ఈ అడవి బాగుంటుంది. పైన బయలులో ఏమీ కనబడనప్పుడు ఇక్కడ నల్లటి మానులు దారి చూపిస్తాయి. ఫిబ్రవరిలో స్కూళ్ల సెలవులు, అప్పుడు గదులు దొరకవు.

స్కీ గొడవే వద్దు, చెట్లు చూస్తే చాలు అనుకుంటే అక్టోబరులో మామూలు బూట్లతో రండి. సూదులు రాలి బాటంతా పసుపు చల్లినట్టుంటుంది.

లార్చ్ మన దేశంలో ఉందా?

ఉంది. సిక్కింలో, హిమాలయాల తూర్పు భాగంలో ఇంకో జాతి పెరుగుతుంది. కాయలు దీనికన్నా పొడుగు, అదీ చలికాలంలో ఆకు రాలుస్తుంది. స్కీల సంగతైతే మనకు గుల్మార్గ్, ఔలీ ఉన్నాయి. జారడం అక్కడ నేర్చుకుని వచ్చినవాళ్లను ఇద్దరిని బుఫేర్ తీసుకెళ్లాను. ఔలీలో నేర్చుకున్నావిడ నాకన్నా బాగా దిగింది. కింద ఏటి ఒడ్డున నాకోసం కూర్చుని మిగిలిన చెగోడీలన్నీ తినేసింది.